అంచు కనిపించని రంగు

పట్టీ విప్పగానే రంగులత్త నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఈ గోడకి నీలం ఎవరు కొట్టారు?" అని.

నర్సు బిత్తరపోయింది. ఆసుపత్రి కట్టిన రోజు నుంచీ అది తెల్లగోడే. "నీలం కాదమ్మా, తెలుపే" అంది మెల్లిగా.

"నాకే చెబుతున్నావా తల్లీ రంగుల గురించి? జుట్టు నెరిసేదాకా రంగులు కలిపే బతికాను" అని కసిరింది రంగులత్త. పక్కన నిలబడ్డ మేనకోడలు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. కంటి డాక్టరు మాత్రం నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, శుక్లం ఒక్క రోజులో వచ్చేది కాదని, కంట్లో పొర ఏళ్ల తరబడి పసుపెక్కుతూ వస్తుందని చెప్పాడు. ఇన్నాళ్లూ ఆవిడ లోకాన్ని టీ డికాషన్ పోసిన గాజుగ్లాసులోంచి చూస్తున్నట్టే లెక్కట. ఇప్పుడు ఒక కంటికి ఆ గ్లాసు తీసేశారు, అందుకే కొన్నాళ్లు అన్నీ నీలంగా అనిపిస్తాయట. రెండో కంటికి ఇంకో నెలాగి చేస్తారట.

"ఎన్నేళ్ల నుంచీ ఇలా?" అంది రంగులత్త.

"ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్పగలరమ్మా! పదేళ్లయినా అయి ఉంటుంది."

అంతే. అప్పటిదాకా గోడమీద పోట్లాడుతున్న మనిషి చప్పబడిపోయింది. ఇంటికి వెళ్లేదాకా ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. రంగులత్త మాట్లాడకుండా ఉందంటే ఎంత కొంప మునిగిందో మేనకోడలికి తెలుసు.

ఆ కొంప ఏమిటో మీకు తెలియాలంటే ముందు ఆవిడ చేసిన ఉద్యోగం తెలియాలి. ఊళ్లో మ్యూజియం ఉంది కదా, దాని వెనకభాగంలో, జనాన్ని రానివ్వని వైపు, ఒక పొడుగాటి గది ఉంది. బయట బోర్డు మీద 'సరీసృపాలు, ఉభయచరాల విభాగం' అని రాసుంటుంది గానీ, గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి డైరెక్టరు దాకా అందరూ దాన్ని పాములగది అనే అంటారు. నేల నుంచి కప్పుదాకా అరలు, అరల నిండా సీసాలు, సీసాల్లో స్పిరిట్లో మునిగిన పాములూ తొండలూ కప్పలూ. ఒక్కోదానికీ దారంతో కట్టిన చీటీ. తలుపు తీస్తే స్పిరిట్ వాసన మొహాన కొడుతుంది. మొదటి వారం తలనొప్పి వస్తుంది, రెండో వారానికి ఆ వాసన లేకపోతే తలనొప్పి వస్తుంది.

స్పిరిట్‌తో ఒక పెద్ద చిక్కుంది. ఒళ్లు కుళ్లనివ్వదు, ఎముక చెడనివ్వదు, కానీ రంగు మాత్రం తినేస్తుంది. ఆకుపచ్చగా నిగనిగలాడుతూ వచ్చిన చెట్టుకప్ప కొద్దిరోజుల్లో బూడిదరంగు ముద్ద అయిపోతుంది. తర్వాత ఎంత చదువుకున్నవాడు వచ్చి చూసినా అది బతికున్నప్పుడు ఏ రంగులో ఉండేదో చెప్పలేడు. అందుకని సీసాలోకి పోయేలోపు దాని బొమ్మ వెయ్యాలి. ఫోటోలు వచ్చాక కూడా ఆ గదిలో బొమ్మల పని ఆగలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఒక్కో స్టూడియోవాడు కడిగితే అదే కప్ప ఒక్కో రంగులో వచ్చేది. ఆ బొమ్మలు వేసే మనిషి మన రంగులత్త. చేరినప్పుడు రంగులమ్మాయి, తర్వాత రంగులక్క. మేనకోడలు చదువు అయిపోయి అదే గదిలో ఉద్యోగానికొచ్చి నలుగురిలో "అత్తా" అని పిలిచినప్పటినుంచీ ఊరందరికీ రంగులత్త.

బతికున్న కప్పని తెచ్చి బల్లమీద పెట్టేది కప్పల డాక్టరు. డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు, కప్పల్ని చదివిన డాక్టరు. కానీ ఇంటిముందు పేరుకింద 'డాక్టర్' అని ఉండేసరికి చంటిపిల్లల్ని ఎత్తుకుని జ్వరమండీ అంటూ వచ్చేవాళ్లు. పాపం ఆయన నుదుటిమీద చెయ్యి వేసి చూసి, "ఇది నా వల్ల కాదమ్మా, తోకున్న పిల్లలైతేనే నాకు తెలుసు" అని పక్క వీధి డాక్టరు దగ్గరికి పంపేవాడు.

వాళ్లిద్దరి కథ కూడా ఆ బల్ల దగ్గరే మొదలైంది. ఆయన తడిగుడ్డసంచీలో కప్పని తెచ్చేవాడు, తెచ్చి గుమ్మంలో సీసా పట్టుకుని నిలబడేవాడు.

"అయిందా?"

"లేదు."

"ఇంకా ఏం మిగిలింది?"

"పొట్ట."

బెదిరిన కప్ప నల్లబడుతుంది, దాని బెదురు తీరితేనే అసలు రంగు బయటికొస్తుంది. అందుకని తడి నాచు పరిచిన రేకుడబ్బాలో దాన్ని కూర్చోబెట్టి, మీద గుడ్డ కప్పి, ఊపిరి నెమ్మదించేదాకా ఆగాలి. ఎంతసేపు ఆగాలన్నది బొమ్మ వేసేవాళ్ల చేతిలో ఉంటుంది. రంగులమ్మాయి కావాలనే ఆగేది. ఆ డబ్బాలోది ఇంకో పూట ఊపిరి పీల్చుకుంటే తన సొమ్మేం పోయింది? ఆయనకి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఏమీ అనకుండా సీసా కింద పెట్టి, స్టూలు మీద కూర్చుని, అడవుల సంగతులు చెబుతూ టీ తాగేవాడు. కప్పలకి ఒక్కో పూట ఆయుష్షు పెరిగింది, ఆ పూటల్లో వీళ్లిద్దరికీ పెళ్లి కుదిరింది. "మాకు పెళ్లిపెద్దలు కప్పలే" అని ఆవిడ ఎంతమంది ముందయినా చెప్పేది. ఆయన సిగ్గుపడి కళ్లజోడు తుడుచుకునేవాడు.

మొదట్లో రంగు కలపడానికి వాళ్లకో పద్ధతి ఉండేది. మందపాటి కాగితం చీటీ అంచున కలిపిన రంగు ఒక్క గీటు పూసి, ఆరాక, ఆ అంచుని తీసుకెళ్లి కప్ప వీపుకి ఆనించాలి. చీటీ ఎక్కడ ఆగిందో, చర్మం ఎక్కడ మొదలైందో తెలిసిందా, రంగు తప్పు. మళ్లీ కలపాలి. అంచు కనిపించకుండా పోయిందా, అదే రంగు. "అంచు కనిపిస్తోందా?" అని ఆవిడ అడిగేది, ఆయన వంగి చూసేవాడు. తల పక్కన తల పెట్టి చూసే పని గనక కొత్తలో ఎన్ని చీటీలు పట్టినా ఇద్దరికీ విసుగుండేది కాదు. కాలం గడిచింది, చెయ్యి తిరిగింది. ఒక చూపు చూస్తే చాలు ఆవిడ చెయ్యి దానంతటదే రంగు కలిపేది. చీటీలు సొరుగులో పడిపోయాయి.

ఇద్దరికీ వయసు మళ్లాక ఒకరోజు పొద్దున ఆవిడ వచ్చేసరికి బల్లమీద కొత్త చీటీల కట్ట ఉంది. సమానంగా కత్తిరించి, రబ్బరుబ్యాండు వేసి.

"ఇవేమిటండీ?"

"ఇకనుంచీ చీటీ ఆనించకుండా ఒక్క రంగు కూడా వెయ్యొద్దు" అన్నాడాయన, సీసా మీది ధూళి తుడుస్తూ.

"అంటే? నా చేతిమీద నమ్మకం పోయిందన్నమాట."

"నీమీద కాదు, నామీద. నా కళ్లు సరిగ్గా ఆనట్లేదు. నాకోసం చెయ్యి."

"మీ కళ్లు ఆనకపోతే మీరు అద్దాలు మార్చుకోండి. నేనెందుకు అక్షరాలు దిద్దాలి?"

మాటామాటా పెరిగింది. ముప్ఫయ్యేళ్ల పనితనం, నిన్నమొన్న చేరిన పిల్లలముందు చీటీ ఆనించి చూపించాలా? ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఇంట్లో కంచం ఠంగుమని పెట్టడం, గిన్నెలతో మాట్లాడటం తప్ప మొగుడితో మాటల్లేవు. ఎప్పుడూ ఇట్టే మెత్తబడిపోయే మనిషి ఈసారి మాత్రం దిగిరాలేదు. చివరికి ఆవిడే చీటీ పట్టింది, కానీ మనసులో ములుకు అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాతే వచ్చింది ఆఖరి కప్ప. ఆయన దేశాలు తిరిగాడు, కొండలెక్కాడు, జలగల చేత కరిపించుకున్నాడు, ఎవరూ చూడని కప్ప ఒక్కటి దొరికితే చాలనుకున్నాడు. ఆ కప్ప ఎక్కడ దొరికిందయ్యా అంటే, మ్యూజియం వెనక పంపుషెడ్డు గోడ పగులులో, కారుతున్న పైపు కింద! ఆయన చిన్నపిల్లాడిలా పరిగెత్తుకుంటూ వచ్చాడు. బొటనవేలి గోరంత ఉంది. డబ్బాలో పెడితే బెదిరి నల్లబడిపోతోంది, నాచులో పెడితే దూరిపోతోంది. ఆయన అరచేతిలో మాత్రం వేలి వారన బుద్ధిగా కూర్చుంది. అక్కడే దాని రంగు విచ్చుకుంది, వీపున తేనెరంగు, పక్కల లేత నారింజ చుక్కలు.

"కదలకండి, అలాగే ఉండండి" అని ఆవిడ మొదలుపెట్టింది. కప్ప వేలినానుకుని ఉంది గనక వేలూ వెయ్యక తప్పలేదు. వేలి రంగుకీ చీటీ ఆనించింది. ఒకటి పట్టింది, తప్పు. ఇంకోటి, తప్పు.

"ఏమిటో ఇవాళ పసుపు తెగ పడుతోంది. ఈ రంగుబిళ్ల ఎందుకూ పనికిరాదు, కొట్టువాడు పాతసరుకు అంటగట్టాడు" అని కొట్టువాణ్ని దులిపేసింది.

"కప్పకా, చేతికా పడుతోంది?"

"చేతికే."

"చూపించు." ఆయన చీటీని తన వేలిమీదే పెట్టుకుని, కిటికీ వెలుగులోకి తిప్పి, చాలాసేపు చూశాడు. "అంచు లేదు. సరిగ్గానే ఉంది, వేసెయ్" అన్నాడు.

ఆ వారంలోనే ఆయన తనంతట తానే, "ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లొద్దాం పద" అన్నాడు. జన్మలో ఆసుపత్రి మెట్లెక్కని మనిషి. కాలేయం చెడిపోయిందన్నారు, కామెర్లు బాగా ముదిరాయన్నారు. అక్కడి పెద్దడాక్టరు కాగితం మీంచి తలెత్తి, "ఒళ్లంతా ఇంత పచ్చబడితే ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని అడిగాడు. మామూలుగా అడిగిన మాటే. కానీ రంగులత్త గుండెలో అది మేకులా దిగిపోయింది. గోరంత కప్ప ఒంటిమీది చుక్క రంగు తనకి తెలిసింది, కట్టుకున్నవాడి మొహం రంగు తెలియలేదు! ఆయన కొద్ది నెలలకే పోయాడు. పంపుషెడ్డు పైపు బాగుచేసి గోడకి సిమెంటు పూశారు, అలాంటి కప్ప మళ్లీ ఎవరికీ కనబడలేదు. ఆవిడ కుంచె కడిగి పెట్టేసింది, మళ్లీ ముట్టుకోలేదు. ఆ బొమ్మని గుడ్డలో చుట్టి బీరువా అడుగున పెట్టింది, మళ్లీ విప్పలేదు.

ఇదీ సంగతి. ఇప్పుడు మేనకోడలు అత్త వేసిన బొమ్మలన్నీ కలిపి పుస్తకం తెస్తోంది. బొమ్మలన్నీ వరసగా అట్టపెట్టెల్లో సర్ది ఉన్నాయి, ఆఖరిది ఒక్కటే బాకీ. ప్రెస్సువాళ్లు రోజూ ఫోను చేస్తున్నారు. సరిగ్గా అప్పుడు, రంగులు తప్ప ఏమీ లేని పుస్తకానికి, రంగులు కలిపిన కన్నే అబద్ధమని తేలింది.

పట్టీ విప్పిన నాలుగైదు రోజులకి అత్త పాములగదికి వచ్చింది. పెట్టెలు తెరిపించింది. పాతబొమ్మలు చూసి "ఊఁ" అంది. చివరిపెట్టె తెరవగానే మొహం మాడిపోయింది. పైనే ఉన్న నీరుకట్టు పాము పొట్ట నీలంగా ఉంది. తొండ గొంతు కింద నీలం. తాబేలు డొప్ప అంచున కూడా నీలమే. మిగతావి చూడనే లేదు.

"ఏ లోకంలో ఉందే ఇలాంటి పాము? నాకు పసుపుగా కనబడుతోందని చేతికి తెలియకుండానే నీలం కుమ్మేశాను. తీసెయ్యి. ఈ చివరి పెట్టె మొత్తం తీసెయ్యి. మావయ్య కప్పా వద్దు."

"అత్తా! మావయ్య కప్పకి రంగు తెలిసేది ఆ ఒక్క బొమ్మవల్లే. సీసాలోది బూడిదముద్ద. ఆ బొమ్మ తీసేస్తే ఆయన కప్ప రంగు లేకుండా పోతుంది."

"తప్పుడు రంగు ఉండేకంటే రంగు లేకుండా పోవడమే నయం. ఆయన పేరుమీద నేను అబద్ధం వెయ్యను." అంటూ పెట్టె పక్కకి తోసేసింది. "ఆయనతో కూర్చుని వేసిన ఆఖరి బొమ్మే అది."

మేనకోడలూ ఆ రక్తమే, మొండిది. విసవిసా బయటికి వెళ్లి, పెరటి పంపు దగ్గర తడి ఇటుకల కింద కాపురముండే గోదురుకప్పని పట్టుకొచ్చింది. చివరిపెట్టెలో, బాగా అడుగున, దీని జాతిదే ఒక బొమ్మ ఉంది. ఆఖరి కప్పకి కాస్త ముందు వేసింది. ఆ బొమ్మ తీసి, కప్పని చేత్తో పట్టుకుని, దాని వీపుని కాగితం మీది వీపు పక్కన ఆనించింది.

"చూడు. కొత్త కన్నుతో చూడు. అంచు కనిపిస్తోందా?"

రంగులత్త పాతకన్ను చేత్తో మూసుకుని వంగింది. చూసింది. మళ్లీ చూసింది. అంచు లేదు. మట్టిరంగూ, గోధుమ మచ్చలూ, కాగితం మీంచి కప్పమీదికి ఆగకుండా సాగిపోయాయి.

"ఇదెలాగే? అదే కన్ను, అదే చెయ్యి!"

"ఇది చీటీ ఆనించి వేసింది కాబట్టి. నీ కంటికి పసుపు పొర ఉంటే కప్పమీదా ఉంటుంది, చీటీమీదా ఉంటుంది. రెండూ కలిశాయంటే కలిసినట్టే కదా!"

రంగులత్త ఉలిక్కిపడి పెట్టెలోని బొమ్మల్ని మొదటినుంచీ వరసపెట్టి పరిచింది. పాము, నీలం. తొండ, నీలం. తాబేలు, నీలం. దాని తర్వాతది సరిగ్గా ఉంది. ఆ తర్వాతది, ఆ పైది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. తాబేలు బొమ్మ అయిన మర్నాడే కదూ బల్లమీద చీటీల కట్ట కనబడింది!

"చూశాడే! తాబేలుని చూసి కనిపెట్టాడు. నా కళ్లు పోతున్నాయని తెలిసి, తన కళ్లు పోతున్నాయని చెప్పాడు." అంటూ స్టూలుమీద కూలబడింది. అది ఆయన టీ తాగిన స్టూలే. "చెబితే ఏం పోయేదయ్యా? నా కళ్లు పోయాయని తెలిస్తే ఆ రోజే కుంచె పారేసేదాన్నని భయపడ్డావు. నేను నీకు కంచాలు విసిరికొట్టాను. నోరు విప్పవేం, మొండిమనిషీ!" అని, లేని మనిషిని ఎన్నడూ లేనిది నువ్వంటూ తిట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకోబోతే మేనకోడలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆపరేషన్ కన్ను కదా.

ఇక బీరువాలోది తేక తప్పలేదు. మర్నాడు ఉదయం ఆవిడే తెచ్చింది, అదే గుడ్డలో. ఉత్తరం వైపు కిటికీ కింద, ఆ బల్లమీదే విప్పారు. తేనెరంగు వీపుతో కప్ప అప్పుడే వచ్చి కూర్చున్నట్టుంది. కానీ మేనకోడలు మొహం ముడుచుకుంది.

"ఏమైందే?"

"కప్పకేం, బాగుంది అత్తా. వేలు చూస్తేనే అనుమానంగా ఉంది. మావయ్య చెయ్యి ఇంత పసుపుగా ఎక్కడుంది? చామనచాయ కదా ఆయనది. వేలు తప్పయితే కప్పా తప్పే అంటారు చూసినవాళ్లు."

రంగులత్త కాగితం దగ్గరికి తీసుకుంది. కొత్తకన్ను మూసి పాతకన్నుతో చూసింది. మామూలు వేలే, ఆ రోజు తను చూసిన వేలే, రోజూ కంచంలో అన్నం కలిపిన వేలే. పాతకన్ను మూసి కొత్తకన్నుతో చూసింది. పసుపు. గోరు మొదట్లో, కణుపుల మడతల్లో, అరచేతి వారన, అంతా పసుపు. ఒళ్లు ముదరబెట్టుకున్న కామెర్ల పసుపు. కన్ను మార్చి మార్చి చూసింది. తప్పు లేదు. కొట్టువాడి బిళ్ల తప్పు కాదు, ఆవిడ చెయ్యి తప్పు కాదు. ఆ రోజు ఆ వేలు ఆ రంగులోనే ఉంది.

"వేలు తప్పు కాదే" అంది. "అప్పటికే జబ్బు ఒళ్లంతా పాకింది. నా కంటికి తెలియలేదు, చీటీకి తెలిసింది. ఆయన చీటీ వేలిమీద పెట్టుకుని కిటికీ దగ్గర ఎంతసేపు చూశాడో తెలుసా? అది చూసే ఆ వారంలో ఆసుపత్రికి పదమన్నాడు. ఇంట్లో ఎవరూ గమనించలేదా అని అడిగాడు ఆ డాక్టరు. ఇన్నేళ్లు ఆ మాట నన్ను తింటూనే ఉంది." కాగితం మీది వేలిని చూపించింది. "గమనించానే. నేనే గమనించాను. నేనే ఆయనకి చూపించాను."

మేనకోడలు అత్త భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇద్దరూ ఏడ్చారు, ఆపరేషన్ కన్ను సంగతి ఇద్దరూ మర్చిపోయి. బయట వాచ్‌మన్ టీలు తెచ్చి, లోపలి వాలకం చూసి, గ్లాసులు గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

కాస్త తేరుకున్నాక మేనకోడలు ముక్కు తుడుచుకుని అసలు పనిలోకి వచ్చింది. "ప్రెస్సువాళ్లు కప్ప ఒక్కటీ కత్తిరించి వేద్దామంటున్నారు అత్తా. మిగతా బొమ్మలన్నిట్లో కప్పే ఉంటుంది కదా, దీంట్లో చెయ్యి ఎందుకూ అని."

రంగులత్త కాగితం దగ్గరికి లాక్కుంది. తన చెయ్యి చాపి, ముడతలు పడ్డ వేలుని కాగితం మీది వేలికి ఆనించింది. కొత్తకన్ను తెరిచే ఉంచింది.

"అంచు కనిపిస్తోంది" అంది, వేలు మాత్రం తియ్యకుండా. "వాళ్లతో చెప్పు, వేలు ముట్టుకున్నారంటే నేనే వస్తానని."